పెరగవద్దనే ప్రోటీను: నోగో జన్యువు కథ

కత్తిపీట మీద కూరగాయలు తరుగుతుండగా మీ వేలు లోతుగా తెగిందనుకోండి. చర్మం వారం రోజుల్లో అతుక్కుంటుంది. వేలి కొసన స్పర్శ మాత్రం అంత త్వరగా రాదు. తెగిన నాడీ తంతువులు మళ్ళీ పెరుగుతూ, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ముందుకు సాగి, వేలి చివరను చేరుకోవాలి. కొన్ని వారాలో, నెలలో పడుతుంది గాని, చాలా సందర్భాల్లో ఎంతో కొంత స్పర్శ తిరిగి వస్తుంది.

ఇప్పుడు తాటిచెట్టు మీది నుంచి జారిపడి, వెన్నుపూస విరిగిన గీత కార్మికుణ్ణి తలచుకోండి. మన పల్లెల్లో ఇటువంటి ప్రమాదం గురించి వినని వారుండరు. అతని వెన్నుపాములో తెగిన తంతువులు నెలలు కాదు, ఏళ్ళు గడిచినా ఆ గాయాన్ని దాటవు. నడుము కింది భాగం మంచానికే అంటిపెట్టుకుపోతుంది.

రెండు చోట్లా తెగినవి నాడీకణాల నుంచి బయలుదేరే పొడవాటి పోగులే. వాటిని తంత్రికాక్షాలంటారని మీరు జీవశాస్త్రంలో చదువుకునే ఉంటారు. మరి ఒకచోట పెరిగేది మరొకచోట ఎందుకు పెరగదు? కణాల జాతి వేరేమో అని మీకు అనిపించవచ్చు. కాని వెన్నుపాము పక్కనే ముడులలాగా ఉండే నాడీసంధుల్లోని కణాలను చూడండి. ఆ కణం నుంచి వచ్చే తంతువు రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ కాలి వేలిదాకా పోతుంది, రెండవది వెన్నుపాములోకి వెళుతుంది. కాలిలోని కొమ్మ తెగితే పెరుగుతుంది, వెన్నుపాములోని కొమ్మ తెగితే పెరగదు. కణం ఒక్కటే! కాబట్టి తేడా కణంలోనే ఉందనడానికి వీల్లేదు.

ఈ చిక్కుముడిని విప్పే పనిలో దాదాపు వందేళ్ళు గడిచాయి. అందులో సగభాగం ఒక జన్యువు కథ. ఆ జన్యువు నుంచి ఒకటి కాదు, మూడు ముఖ్యమైన ప్రోటీన్లు తయారవుతాయి. గాయం తగిలినప్పుడు మూడూ మూడు దారులు పడతాయి.

కహాల్ చూసినది

వెన్నెముక దెబ్బ గురించి మనకు దొరికిన అతి పాత వైద్య రచన ఈజిప్టుది. ఎడ్విన్ స్మిత్ పేరుతో పిలిచే ఆ పపైరస్ చుట్ట క్రీస్తుకు పూర్వం సుమారు 1600 నాటిది. మెడపూస తొలగి కాళ్ళూ చేతులూ పడిపోయిన రోగిని వర్ణించి, ఇది చికిత్స చేయదగినది కాదని అందులో రాశారు. ఆ తర్వాత మూడున్నర వేల ఏళ్ళపాటు వైద్యులకు అంతకన్న మంచి మాట చెప్పే అవకాశం రాలేదు.

స్పెయిన్ శాస్త్రవేత్త శాంతియాగో రామోన్ ఇ కహాల్ ఈ ప్రశ్నను సూక్ష్మదర్శిని కిందికి తెచ్చాడు. నాడీమండల నిర్మాణంపై చేసిన కృషికి 1906లో నోబెల్ బహుమతి పంచుకున్నది ఈయనే. పెరుగుతున్న తంతువు కొసన ఉండే చిన్న విసనకర్ర వంటి భాగాన్ని 1890లో గుర్తించి, దానికి వృద్ధి శంకువు అని పేరు పెట్టిందీ ఈయనే. వెన్నుపాము తెగినప్పుడు తంతువులు పూర్తిగా నిశ్చేష్టంగా ఉండవని కహాల్ గమనించాడు. అవి మొలకలు వేస్తాయి, కొంచెం దూరం పాకుతాయి, ఆపైన ఆగిపోతాయి.

ఆయన శిష్యుడు ఫ్రాన్సిస్కో తెల్లో 1911లో ఒక చక్కని ప్రయోగం చేశాడు. కుందేలు కాలి నాడి ముక్కను తీసి దాని మెదడులో నాటాడు. మెదడు తంతువులు ఆ ముక్కలోకి పెరిగాయి! మెదడు కణజాలంలో పెరగని తంతువు కాలి నాడి ముక్కలో పెరిగిందంటే, ఆ ముక్కలో ఏదో ఉంది. కాలి నాడుల్లో తంతువులను చుట్టుకొని ఉండే ష్వాన్ కణాలు ఏదో పోషక పదార్థాన్ని ఇస్తున్నాయనీ, మెదడులోనూ వెన్నుపాములోనూ అది కొరవడిందనీ కహాల్ భావించాడు. 1913, 1914 సంవత్సరాల్లో అచ్చయిన తన పెద్ద గ్రంథంలో ఈ సంగతులన్నీ వివరించాడు. పెద్దవారి నాడీకేంద్రాల్లో పునర్నిర్మాణం జరగదనే ఆయన తీర్పునే తర్వాతి తరాలు పట్టుకున్నాయి. ఆ తీర్పును మార్చడం భవిష్యత్ విజ్ఞానం పని అని కూడా ఆయన అక్కడే అన్నాడు. ఆ రెండో ముక్క చాలామందికి గుర్తు లేకుండా పోయింది.

ఈలోగా రోగుల సంగతేమిటి? మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికులలో అధిక సంఖ్యాకులు త్వరలోనే మరణించారు. వారిని చంపింది తెగిన తంతువులు కావు. పడకపుండ్లు, మూత్రకోశపు అంటువ్యాధులు చంపాయి. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ వీటిని శ్రద్ధగా నివారించడం, రోగులకు పని నేర్పడం మొదలుపెట్టాక వారు బతకసాగారు. మన దేశంలో ఈ పనికి వెల్లూరు పెట్టింది పేరు. 1954లో ప్రమాదంలో నడుము కింది భాగం పడిపోయిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసి, అక్కడి పునరావాస సేవలకు పునాది వేశారు. 1965 మే నెలలో ఎవరెస్టు ఎక్కిన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లువాలియా అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. తర్వాత ఢిల్లీలో వెన్నెముక గాయాల కోసమే ఒక ఆసుపత్రి స్థాపించారు. ఇవన్నీ గొప్ప పనులు. కాని తెగిన తంతువు మాత్రం తెగినట్లే ఉండిపోయింది.

మాంట్రియల్ వంతెన

తెల్లో ప్రయోగాన్ని నమ్మని వారూ ఉన్నారు. ఆనాటి రంగులద్దే పద్ధతులతో, నాటిన ముక్కలో కనిపిస్తున్న తంతువు ఎక్కడినుంచి వచ్చిందో రూఢిగా చెప్పడం సాధ్యం కాదు. 1970లలో కొత్త ఉపాయం వచ్చింది. ముల్లంగికి బంధువైన ఒక దుంప నుంచి తీసే పెరాక్సిడేజ్ అనే ఎంజైమును తంతువు కొసన పెడితే, తంతువు దాన్ని పీల్చుకొని తన మాతృకణం దాకా మోసుకుపోతుంది. తర్వాత రంగు పట్టిస్తే ఏ కణానిది ఏ తంతువో తెలిసిపోతుంది.

కెనడాలోని మాంట్రియల్‌లో అల్బర్ట్ అగ్వాయో, శామ్యూల్ డేవిడ్ ఈ ఉపాయాన్ని వాడుకున్నారు. పెద్ద ఎలుక కాలి నాడి ముక్కను తీసి, ఒక చివర మెదడు అడుగుభాగంలోని మజ్జాముఖంలోను, రెండో చివర ఛాతీ దగ్గరి వెన్నుపాములోను నాటారు. మధ్యలో ఆ ముక్క వెన్నెముక వెలుపల వంతెనలాగా సాగింది. కొన్ని నెలల తర్వాత చూస్తే, మెదడులోని, వెన్నుపాములోని కణాల తంతువులు ఆ వంతెన మీదుగా దాదాపు 30 మిల్లీమీటర్లు పెరిగాయి. 1981లో 'సైన్స్' పత్రికలో ఇది అచ్చయింది.

అయితే వంతెన దాటి మళ్ళీ వెన్నుపాములోకి అడుగుపెట్టగానే, ఒకటి రెండు మిల్లీమీటర్లలోపే ఆ తంతువులు ఆగిపోయాయి. నా దృష్టిలో ఈ ప్రయోగంలోని అసలు పాఠం ఇదే. 30 మిల్లీమీటర్లు నడిచి వచ్చినవాడు గుమ్మంలో ఆగిపోయాడంటే, కాళ్ళలో సత్తువ లేక కాదు గదా! ఇంట్లో అన్నం లేదా? లేక ఎవరైనా రావద్దంటున్నారా?

కహాల్ నుంచి అప్పటిదాకా అందరూ మొదటిదే అనుకున్నారు. మార్టిన్ ష్వాబ్ అనే స్విస్ శాస్త్రవేత్త రెండవదాన్ని పరీక్షకు పెట్టాడు. (ష్వాన్ కణాల పేరుకూ ఈయన పేరుకూ సంబంధం లేదు. ఆ ష్వాన్ 19వ శతాబ్దపు జర్మన్.)

రావద్దనేది ఎవరు?

ష్వాబ్, హన్స్ థోనెన్ కలిసి గాజుపాత్రలో నాడీకణాలను పెంచి, వాటి ముందు రెండు నాడి ముక్కలు పెట్టారు. ఒకటి కాలి నాడిది, రెండవది కంటి నుంచి మెదడుకు పోయే దృక్‌నాడిది. దృక్‌నాడి మెదడు కణజాలంలో భాగమే. తంతువులకు కావలసిన నాడీ వృద్ధి కారకాన్ని పాత్రలో పుష్కలంగా పోశారు. అంటే ఇక అన్నానికి లోటు లేదు. అయినా తంతువులు కాలి నాడి ముక్కలోకి దండిగా వెళ్ళాయి, దృక్‌నాడి ముక్కలోకి దాదాపు వెళ్ళనే లేదు. ఈ ఫలితం 1985లో వెలువడింది. కొరత సిద్ధాంతం ఇక్కడ నిలవలేదు.

రావద్దనేది మయలిన్ తొడుగు అని త్వరలోనే తేలింది. విద్యుత్ తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లు తంతువులకు కొవ్వుతో కూడిన ఈ తొడుగు ఉంటుంది. కాలి నాడుల్లో దీన్ని ష్వాన్ కణాలు చుడతాయి. మెదడు, వెన్నుపాములలో ఆలిగోడెండ్రోసైట్లు చుడతాయి. ఈ రెండో రకం తొడుగులోనే నిషేధం ఉంది. 1988లో పికో కరోని, ష్వాబ్ ఎలుక వెన్నుపాము మయలిన్ నుంచి నిరోధక శక్తి గల రెండు ప్రోటీన్ భాగాలను వేరుచేశారు. ఒకటి 35 కిలోడాల్టన్లు, మరొకటి 250 కిలోడాల్టన్లు. వాటిని అడ్డుకునే ప్రతిరక్షకాన్ని కూడా అదే ఏడాది తయారుచేశారు. దాని పేరు ఐఎన్-1.

ఇక బతికున్న జంతువులో పరీక్ష మిగిలింది. ప్రతిరక్షకాన్ని రోజూ వెన్నుపాములోకి ఎక్కించడం ఆనాడు కష్టం. లీసా ష్నెల్, ష్వాబ్ దీనికొక మొరటు ఉపాయం చేశారు. ఐఎన్-1ను నిరంతరం స్రవించే కణాలనే ఎలుక మెదడులో నాటారు. ఆ ఎలుకల్లో మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే తంతువులను తెంచారు. రెండు మూడు వారాల తర్వాత కొన్ని తంతువులు గాయం దాటి 7 నుంచి 11 మిల్లీమీటర్లు పెరిగాయి. ప్రతిరక్షకం లేని ఎలుకల్లో ఒక మిల్లీమీటరు మించలేదు. 1990 జనవరిలో 'నేచర్' పత్రిక ఈ వార్తను మోసుకొచ్చింది. తెగిన వాటిలో పెరిగినవి కొద్ది శాతమే అన్న మాట వార్తాపత్రికల శీర్షికల్లోకి ఎక్కదు. మీరు మాత్రం గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

పేరు పెట్టడానికి పదేళ్ళు

ప్రోటీను ఉందని తెలియడం వేరు, దాని జన్యువును పట్టుకోవడం వేరు. మయలిన్‌లోని ప్రోటీన్లు కొవ్వుకు అతుక్కుని ఉంటాయి. శుద్ధి చేయబోతే గుణం పోగొట్టుకుంటాయి. ష్వాబ్ బృందం ఎలుకల్ని వదిలి ఆవు వెన్నుపాములను పట్టుకుంది. చివరకు 1998లో, శుద్ధి చేసిన ప్రోటీను నుంచి కొన్ని చిన్న ముక్కల ఎమైనో ఆమ్లాల వరుస బయటపడింది.

ఆ ముక్కలు అచ్చు కావడమే తడవు, పందెం మొదలైంది. అప్పటికి మానవ జన్యు పథకం జోరుగా సాగుతోంది. జపాన్‌లోని కజుసా సంస్థ మెదడులో చదవబడుతున్న పొడవాటి జన్యు వరుసలను సేకరించి, పని తెలియకపోయినా అంకెలు వేసి డేటాబ్యాంకులో పెడుతోంది. కెఐఏఏ0886 అనే సంఖ్య గల వరుస ఆవు ముక్కలతో సరిపోయింది. పదేళ్ళుగా వెతుకుతున్న జన్యువు డేటాబ్యాంకులో పేరులేకుండా పడి ఉంది!

2000 జనవరి 27 నాటి 'నేచర్' సంచికలో మూడు బృందాలు ఒకేసారి ఈ జన్యువును ప్రకటించాయి. ఒకటి జూరిక్‌లోని ష్వాబ్ బృందం. రెండవది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ స్ట్రిట్‌మాటర్ బృందం. మూడవది ఇంగ్లండులోని స్మిత్‌క్లైన్ బీచమ్ కంపెనీ పరిశోధకులు. పేరు 'నోగో'. ఇంగ్లీషులో 'పోవద్దు' అనే అర్థం వచ్చే రెండు చిన్న మాటల కలయిక ఇది. తెలుగులో 'ఆగు' అంటే సరిపోయేది గాని, జన్యువుల పేర్లు అనువదించే ఆచారం లేదు. తర్వాత వర్గీకరణ సంఘం వారు దీనికి ఆర్‌టీఎన్4 అన్నారు. అంటే రెటిక్యులాన్ కుటుంబంలో నాలుగవది. మనిషిలో ఇది 2వ క్రోమోజోము పొట్టి భుజం మీద ఉంది.

కూర్పు మారితే కథ మారుతుంది

ఒక జన్యువు ఒక ఎంజైము అనే సూత్రం మీ పాఠ్యపుస్తకంలో ఉండే ఉంటుంది. బీడిల్, టేటం 1941లో బూజు మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రమది. 1977లో ఆ సూత్రానికి గండి పడింది. ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు విడివిడిగా, జన్యువులు ముక్కలు ముక్కలుగా ఉంటాయని కనుగొన్నాయి. పనికివచ్చే ముక్కలు ఎక్సానులు, వాటి నడుమ ఉండేవి ఇంట్రానులు. కణం మొదట మొత్తం జన్యువును ఆర్.ఎన్.ఏ.గా నకలు తీస్తుంది. తర్వాత ఇంట్రానులను కత్తిరించి, ఎక్సానులను అతికి, రాయబారి ఆర్.ఎన్.ఏ.ను తయారుచేస్తుంది. 1993లో ఈ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు 'కూర్పు' అని ఒక పేరు కనిపిస్తుంది చూడండి. తీసిన ఫిల్మునంతా కత్తిరించి అతికేవాడు ఆయన. అదే ఫిల్ముతో ఒక పాట తీసేసి ఒక ప్రతి, ఒక పోరాటం తీసేసి మరో ప్రతి తయారుచేయవచ్చు. కణమూ అంతే. ఏ ఎక్సాను ఉంచాలి, ఏది వదలాలి అన్నది మార్చితే ఒకే జన్యువు నుంచి వేర్వేరు రాయబారులు, వాటి నుంచి వేర్వేరు ప్రోటీన్లు వస్తాయి. మనిషిలో ప్రోటీన్లనిచ్చే జన్యువులు సుమారు 20 వేలే అయినా పని జరిగిపోతోందంటే, ఈ కూర్పు ఒక ముఖ్య కారణం.

నోగో విషయంలో లెక్క మీరే వేసి చూడవచ్చు. నోగో-ఎ అన్నిటికన్న పొడవైనది, 1192 ఎమైనో ఆమ్లాలు. నోగో-బిలో 373, నోగో-సిలో 199. మూడింటికీ తోక ఒకటే, 188 ఎమైనో ఆమ్లాలు. ఎ, బిలకు తల కూడా ఒకటే, 185 ఎమైనో ఆమ్లాలు. 185కు 188 కలిపితే 373. అంటే బి అంటే తల, తోక తప్ప మరేమీ కాదు. ఎలో ఆ రెండింటి నడుమ 819 ఎమైనో ఆమ్లాల మొండెం ఉంది. ఒక్కో ఎమైనో ఆమ్లానికి మూడు అక్షరాలు చొప్పున ఆ మొండేనికి 2457 అక్షరాలు కావాలి. దాన్నంతటినీ ఇచ్చేది దాదాపు ఒకే ఒక్క పెద్ద ఎక్సాను. దాన్ని ఉంచితే ఎ, వదిలేస్తే బి.

సి తయారయ్యే తీరు వేరు. అది కూర్పులో వచ్చిన తేడా మాత్రమే కాదు. జన్యువును చదవడం మరో చోటు నుంచి, వేరే ప్రమోటరు దగ్గర మొదలవుతుంది. అందుకే దానికి 11 ఎమైనో ఆమ్లాల సొంత తల ఉంది. 11, 188 కలిస్తే 199. ఇవి కాక చిన్నా చితకా ప్రతులు మరికొన్ని నమోదయ్యాయి గాని, కథ నడిపేవి ఈ మూడే. ఎ ముఖ్యంగా ఆలిగోడెండ్రోసైట్లలోను, కొన్ని నాడీకణాల్లోను ఉంటుంది. బి రక్తనాళాలు మొదలుకొని శరీరంలో చాలా చోట్ల ఉంటుంది. సి కండరాల్లో ఎక్కువ.

ప్రోటీను ఏం చేస్తుంది?

ఇక్కడే పరిశోధకులు రెండు జట్లుగా చీలారు. ఆపు అనే సంకేతం ప్రోటీనులో ఏ భాగంలో ఉంది? యేల్ బృందం తోకను చూపింది. తోకలో కొవ్వుపొరను అంటిపెట్టుకునే రెండు భాగాల మధ్య 66 ఎమైనో ఆమ్లాల మెలిక ఉంది, అదే ఆపుతుందన్నారు. జూరిక్ బృందం ఎలో మాత్రమే ఉండే మొండేన్ని చూపింది. రెండూ ఆపగలవని తర్వాత తేలింది. కాని ఇందులో ఒక తిరకాసు ఉందని గమనించారా? మెలిక తోకలో ఉంది, తోక మూడింటికీ ఉమ్మడి. ఆ లెక్కన బి, సిలకు కూడా ఆపే శక్తి కొంత ఉండాలి. ఈ మాటకు మళ్ళీ వద్దాం.

2001లో యేల్ బృందం మెలికను అందుకునే గ్రాహకాన్ని నాడీకణం మీద కనిపెట్టింది. ఆ గ్రాహకానికి కణం లోపలికి పొడుచుకు వచ్చే భాగమే లేదు. గోడ మీద అంటించిన గంట లాంటిది, తీగ లోపలికి పోలేదు. కాబట్టి లోపలికి కబురు చేరవేసే సహాయకులు ఉండాలి. పి75, లింగో-1, ట్రాయ్ అనే మూడింటిని తర్వాతి ఏళ్ళలో గుర్తించారు. కబురు అందగానే కణం లోపల రో-ఏ అనే ప్రోటీను మేలుకొంటుంది, వృద్ధి శంకువులోని ఆక్టిన్ పోగుల అల్లిక సడలిపోతుంది, విసనకర్ర ముడుచుకుంటుంది. మొండెం కబురును అందుకునే మరో గ్రాహకం 2014లో బయటపడింది. విచిత్రమేమంటే, మయలిన్‌లోని మరో రెండు నిరోధక ప్రోటీన్లు కూడా 2001 నాటి గ్రాహకాన్నే తడతాయి.

ఇంతకీ ప్రకృతి వెన్నుపాము బాగుపడకుండా చూడటానికే ఒక ప్రోటీన్ను తయారుచేసిందా? అలా అనుకోవడం తొందరపాటు. నోగో ప్రోటీన్లు ఎక్కువగా ఉండేది కణం లోపలే, అంతర్జీవద్రవ్యజాలం పొరల్లో. రెటిక్యులాన్ అనే కుటుంబ నామం ఆ జాలం పేరు నుంచి వచ్చిందే. 2006లో గియా వోల్ట్జ్, టామ్ రాపొపోర్ట్, వారి సహచరులు, ఆ జాలాన్ని సన్నని గొట్టాలుగా వంచేది రెటిక్యులాన్లేనని చూపారు. ఈ కుటుంబం ఈస్టులో కూడా ఉంది. ఈస్టుకు వెన్నుపాము ఎక్కడిది? కణంలో గొట్టాలు వంచడమే ఈ వంశపు పాత వృత్తి, తంతువులను ఆపడం వెన్నెముక గల జంతువుల్లో తర్వాత వచ్చిపడిన కొత్త ఉద్యోగం అని నేననుకుంటాను. పెద్దయిన మెదడులో కుదురుకున్న తీగల అల్లికను చెదరకుండా కాపాడటం ఆ ఉద్యోగం కావచ్చునని చాలామంది అభిప్రాయం.

మూడు ప్రయోగశాలలు, మూడు జవాబులు

2003 ఏప్రిల్‌లో 'న్యూరాన్' పత్రిక ఒకే సంచికలో మూడు వ్యాసాలు వేసింది. మూడూ నోగో జన్యువును చెరిపిన చిట్టెలుకల గురించే. ఆపేదే లేకపోతే వెన్నుపాము తంతువులు పెరగాలి గదా? స్ట్రిట్‌మాటర్ బృందం ఎ, బి రెండూ లేని చిట్టెలుకల్లో, ముఖ్యంగా వయసులో చిన్నవాటిలో, బాగా పెరిగాయని చెప్పింది. ష్వాబ్ బృందం ఎ మాత్రమే తీసేసి, ఒక మోస్తరుగా పెరిగాయని చెప్పింది. మార్క్ టెస్సియర్-లవీన్ బృందం అసలు పెరగలేదని చెప్పింది.

పరీక్ష హాలులో ఒకే లెక్కకు ముగ్గురు మూడు జవాబులు రాస్తే ఇద్దరు తప్పని మీరంటారు. ఇక్కడ అలా తేలలేదు. ఎ తీసేసిన చిట్టెలుకల మెదడులో బి మోతాదు పెరిగిందని ష్వాబ్ బృందమే గమనించింది. కూర్పరి చేతిలో ఒక ప్రతి చెడిపోతే రెండో ప్రతిని ఎక్కువ తీసినట్లయింది. బికి తోక ఉంది, తోకలో మెలిక ఉంది. తిరకాసు అన్నది ఇదే. పైగా చిట్టెలుకల తెగను బట్టి కూడా ఫలితం మారుతుందని 2006లో తేలింది. ఒకే జన్యువును చెరిపినా ఒక తెగలో తంతువులు ఎక్కువ, మరో తెగలో తక్కువ పెరిగాయి. అయినా వాదం పూర్తిగా చల్లారలేదు. 2010లో నోగోతో పాటు మయలిన్‌లోని ఆ రెండు నిరోధకాలనూ చెరిపిన చిట్టెలుకలను పరీక్షిస్తే, ఒక బృందానికి మేలు కనిపించింది, మరో బృందానికి కనిపించలేదు. నోగో ఒక్కటే తాళం అని తొలినాళ్ళలో అనుకున్నవారు అప్పటికి తగ్గారు.

గాయం తగిలాక

గాయం తగిలితే ఈ జన్యువు ఏం చేస్తుంది? మూడు ప్రతులకూ మూడు జవాబులు.

వెన్నుపాము గాయంలో నోగో-ఎ మోతాదు ఒక్కసారిగా ఎగబాకినట్లు తొలి పరిశీలనల్లో కనిపించలేదు. గాయం దగ్గర మచ్చ కట్టే కణాలు కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్లు అనే మరో రకం నిరోధకాలను కొత్తగా పోస్తాయి. నోగో-ఎకు ఆ అవసరం లేదు. అది ముందే మయలిన్‌లో కాపలా ఉంది. చితికిన మయలిన్ పెంకులు వెన్నుపాములో చాలాకాలం తొలగకుండా పడి ఉంటాయి. కాలి నాడిలోనైతే ష్వాన్ కణాలు, మాక్రోఫేజులు కలిసి ఆ చెత్తను త్వరగా ఊడ్చేస్తాయి.

నోగో-బి సంగతి 2004లో యేల్‌లోనే, కాని రక్తనాళాల ప్రయోగశాలలో తెలిసింది. విలియం సెస్సా బృందం నాళాల గోడల్లో బి దండిగా ఉంటుందనీ, నాళానికి గాయమైతే అది తగ్గిపోతుందనీ చూసింది. ఎ, బి లేని చిట్టెలుకల్లో గాయపడిన నాళం గోడ మరీ మందంగా పెరిగి దారి ఇరుకైంది. బిని తిరిగి అందిస్తే మందం తగ్గింది. అంటే ఇక్కడ బి నాళానికి రక్షకుడు. గుండె నాళాలను బెలూనుతో వెడల్పు చేసిన తర్వాత మళ్ళీ మూసుకుపోవడం వైద్యులకు పెద్ద తలనొప్పి గనుక దీనికి విలువ ఉంది. వెన్నుపాములో మనం తిట్టుకున్న కుటుంబమే ఇక్కడ మేలు చేస్తోంది.

నోగో-సి వంతు 2016లో వచ్చింది. చిట్టెలుకల్లో గుండెపోటు కలిగించినప్పుడు గుండె కండర కణాల్లో సి పెరుగుతుందనీ, అది ఆ కణాల చావును ప్రేరేపిస్తుందనీ చైనా పరిశోధకులు ప్రకటించారు. సి లేని చిట్టెలుకల్లో నష్టం తక్కువ.

ఒకటి ఉన్నచోటే ఉంటుంది, ఒకటి తగ్గుతుంది, ఒకటి పెరుగుతుంది. జన్యువు ఒక్కటే. కనుక ఎవరైనా "నోగో జన్యువును ఆపేస్తే చాలు" అంటే, ఏ నోగోను, ఏ అవయవంలో అని అడగండి. ఔషధ తయారీదారులు జన్యువు జోలికి పోకుండా, ఎలో మాత్రమే ఉండే మొండేన్ని పట్టుకునే ప్రతిరక్షకాలను ఎంచుకోవడానికి ఇదొక మంచి సమర్థన.

మనుషుల్లో

2006లో కోతులలో, మెడ దగ్గర వెన్నుపాము సగం తెగినప్పుడు, ఈ రకం ప్రతిరక్షకం ఇచ్చిన వాటికి వేళ్ళతో చిన్న వస్తువులు పట్టుకునే నేర్పు ఎక్కువగా తిరిగి వచ్చింది. అదే ఏడాది మనుషుల్లో తొలిదశ పరీక్ష మొదలైంది. 2011 వరకు 52 మంది రోగులకు ప్రతిరక్షకాన్ని వెన్ను ద్రవంలోకి ఎక్కించారు. పెద్ద ప్రమాదమేమీ లేదని తేలింది. అది భద్రతకు పరీక్షే తప్ప గుణానికి కాదు. మరో కంపెనీ తన ప్రతిరక్షకాన్ని కండరాలు క్షీణించే ఏఎల్ఎస్ అనే నాడీవ్యాధిలో 300 మందికి పైగా రోగుల మీద ప్రయత్నించింది. 2017లో వెలువడిన ఫలితం నిరాశాజనకం, మందుకూ ఉత్తుత్తి మందుకూ తేడా లేదు.

అసలు పరీక్ష 2019లో జర్మనీ, స్విట్జర్లాండ్, స్పెయిన్, చెక్ దేశాల్లోని 13 ఆసుపత్రుల్లో మొదలైంది. మెడ దగ్గర వెన్నుపాము కొత్తగా దెబ్బతిన్నవారిని తీసుకున్నారు. 126 మందికి నాలుగు వారాల్లో ఆరు ఇంజెక్షన్లు ఇచ్చారు. 78 మందికి ప్రతిరక్షకం, 48 మందికి ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, పరీక్షించే వైద్యునికీ తెలియదు. ఆరు నెలల తర్వాత చేతుల బలాన్ని కొలిచారు. 'లాన్సెట్ న్యూరాలజీ' 2025 జనవరి సంచికలో వచ్చిన ప్రధాన ఫలితం ఇది: రెండు గుంపుల మధ్య తేడా లేదు.

గాయం పూర్తిగా తెగనివారిలో, అంటే గాయం కింద ఎంతో కొంత కదలికో స్పర్శో మిగిలినవారిలో, మందు తీసుకున్నవారు కొంత మెరుగ్గా ఉన్నట్లు విడిగా చేసిన లెక్కల్లో కనిపించింది. గుంపును ముక్కలు చేసి చూసినప్పుడు ఏదో ఒక ముక్కలో మేలు కనిపించడం యాదృచ్ఛికంగా కూడా జరుగుతుంది. అందుకే పరిశోధకులు దీన్ని రుజువు అనడం లేదు, అటువంటి రోగులతోనే మళ్ళీ పరీక్షించాలంటున్నారు. అయినా ఇందులో ఒక తర్కం ఉంది. 1990 నాటి ఎలుకల్లో పెరిగిన తంతువులు కొద్ది శాతమేనని గుర్తుంచుకోమన్నాను. ఆ కాసిని తంతువులు కూడా గాయం అంచున మిగిలిన కణజాలం పట్టుకుని పాకినవే. 'ఆగు' అనే మాటను అడ్డుకున్నా, కాలు మోపడానికి కట్ట తెగని గట్టు ఎంతో కొంత ఉండాలి. ఎం.ఆర్.ఐ. చిత్రంలో అటువంటి గట్టు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున ఉందో లేదో వైద్యులు ఇప్పుడు కొలిచి చూస్తున్నారు.